మంచుదేశంలో గూడుబండి

మా తాతగారికి ఒక గూడుబండి వుండేది. ఏటా వైశాఖంలో దాన్నిండా బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, ఇత్తడి బిందె, నాలుగు బొంతలు సర్దుకుని, ఇరుసు కింద లాంతరు కట్టుకుని, పిల్లాజెల్లాతో చందనయాత్రకు సింహాచలం బయలుదేరేవాడు. పొద్దుగూకిన చోట ఎడ్లను విప్పడం, మూడు రాళ్ళు పెట్టి వండుకోవడం, తెలతెలవారుతుండగా మళ్ళీ కట్టడం. అంతే ప్రయాణం.

ఈ సంగతి ఇప్పుడెందుకంటారా? ఆమధ్య జూన్ నెలలో ఎడ్మంటన్‌లో వుంటున్న మా అబ్బాయి అద్దెకు తెచ్చిన ‘ఆర్వీ’ అనే వాహనాన్ని చూడగానే నాకు ఆ గూడుబండే జ్ఞాపకం వచ్చింది. ఎడ్లు లేవుగాని తక్కినదంతా అదే. పొయ్యి వుంది, పడకలున్నాయి, నీళ్ళతొట్టి వుంది. మా తాతగారు కలలో కూడా ఊహించని మరుగుదొడ్డి కూడా వుంది!

“అలాస్కా దాకా వెళదాం నాన్నా” అన్నాడు అబ్బాయి.

“అక్కడ ఏముందిరా?” అంది మా ఆవిడ.

“ఏమీ లేదమ్మా. అదే చూడాలి.”

ఏమీ లేనిచోటికి వెళ్ళడానికి మా ఆవిడ రెండు జాడీల ఆవకాయ, అయిదు కిలోల కందిపప్పు సర్దింది.

బ్రిటిష్ కొలంబియాలో డాసన్ క్రీక్ అని ఒక చిన్న వూరు. వూరి నడిబొడ్డున ఒక స్తంభం, దానిమీద ‘సున్నా మైలు’ అని రాత. అలాస్కా హైవే అక్కడ మొదలై, యూకాన్ మీదుగా అలాస్కాలోని డెల్టా జంక్షన్ దాకా, ఇప్పటి లెక్కలో దాదాపు 2,200 కిలోమీటర్లు సాగుతుంది. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పినవాణ్ణి. స్తంభం కనబడితే ఎవరు నాటారని అడక్కుండా వుండలేను. అక్కడే ఒక పుస్తకం కొనుక్కుని కూర్చున్నాను.

1941 డిసెంబరు 7న జపాను పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. అలాస్కా అమెరికాదే గాని, అక్కడికి నేలమీద దారి లేదు. మధ్యలో కెనడా అడవులు, కొండలు, బురదనేలలు. సముద్రం జపాను చేతికి పోతే అలాస్కా గతేమిటని అమెరికాకు భయం పట్టుకుంది. ఆ భయం నిజమేనన్నట్టు, జూన్‌లో జపాను డచ్ హార్బర్ మీద దాడిచేసి, అట్టూ, కిస్కా అనే రెండు దీవుల్ని పట్టుకుంది. ఈలోగానే రోడ్డు పని మొదలైపోయింది. పదివేల మందికి పైగా సైనికులు, వాళ్ళ వెనక వేలాది మంది సివిలు పనివాళ్ళు. అక్టోబరు ఆఖరుకల్లా రెండు కొసలూ కలిశాయి. అప్పటి దారి పొడవు సుమారు 2,700 కిలోమీటర్లు, పట్టిన కాలం ఎనిమిది నెలలు! మా వూరి వాగు మీద వంతెనకు శంకుస్థాపన జరిగినప్పుడు నేను బ్రహ్మచారిని. ప్రారంభోత్సవం నాటికి మా అబ్బాయి నా చంకలో వున్నాడు.

సరే, నవ్వుకుంటూ పేజీ తిప్పాను. పని మొదలైన తారీఖు కనబడింది: 1942 మార్చి 8. అక్కడ ఆగిపోయాను.

“ఏమండీ, అలా అయిపోయారేం?” అంది మా ఆవిడ.

“రంగం జపాను చేతికి చిక్కింది ఈ రోజునే” అన్నాను.

మా ఆవిడ చేతిలో గరిటె అలాగే వుండిపోయింది.

ఈ కాలం పిల్లలకు రంగం అంటే తెలియకపోవచ్చు. రంగూన్‌ను మనవాళ్ళు రంగం అనేవారు. కళింగాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి వేలకు వేలు అక్కడికి కూలికి పోయేవారు. మా మావగారు పదిహేడేళ్ళవాడుగా అన్నగారితో కలిసి రంగం రేవులో బస్తాలు మోశారు. జపాను వస్తోందనగానే ఇద్దరూ ప్రోం మీదుగా, తౌంగుప్ కనుమ దారిన, నడిచి బయలుదేరారు. నీళ్ళు లేని కొండదారి. కలరా. అరకాన్ తీరం చేరి, పడవెక్కి, చిట్టగాంగులో రైలెక్కి ఇల్లు చేరింది మా మావగారొక్కరే. ఆ ఏడాది అలా బర్మా వదిలివచ్చిన భారతీయులు నాలుగైదు లక్షలు. దారిలో పోయినవాళ్ళు వేలాది మంది. తెల్లవాళ్ళకొక ఏర్పాటు, మనవాళ్ళకొక ఏర్పాటు అన్న విమర్శ ఆనాడే వచ్చింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డ సంగతి అయితే మన పెద్దవాళ్ళు చెప్పగా విన్నదే.

ఒకటే యుద్ధం. ఈ చివర ఒక దారి వేయించింది, ఆ చివర మనవాళ్ళను దారిపాలు చేసింది. అప్పటిదాకా అది నాకు విహారయాత్ర. ఆ తర్వాత కాదు.

మర్నాడు సికానీ చీఫ్ అనే నది దాటుతున్నప్పుడు పుస్తకం తీసి అందరికీ వినిపించాను. రోడ్డు వేసిన సైనికుల్లో మూడోవంతు దాకా నల్లజాతివాళ్ళు. అప్పట్లో అమెరికా సైన్యంలో తెల్లవాళ్ళ దళాలు వేరు, నల్లవాళ్ళ దళాలు వేరు. 1948 దాకా అదే వరస. నల్లవాళ్ళను పంపడం అలాస్కా సేనాపతి జనరల్ బక్నర్‌కు ఇష్టం లేదు. వాళ్ళు అక్కడే స్థిరపడిపోతారేమోనని ఆయన బెంగ! 95వ దళం వాళ్ళ పెద్దయంత్రాలు తీసి తెల్లదళానికి ఇచ్చి, వీళ్ళకు గొడ్డళ్ళు, రంపాలు, పారలు మిగిల్చారు. ఆ గొడ్డళ్ళతోనే ఆ నది మీద దాదాపు మూడువందల అడుగుల చెక్కవంతెనను నాలుగు రోజుల్లోపే కట్టి చూపించారు. తమ జీతాలు పందెం కాసి మరీ కట్టారట. రాత్రిళ్ళు లారీ దీపాల వెలుగులో, గడ్డకట్టించే నీళ్ళలో గుండెలోతున నిలబడి కట్టారు.

“ఆ వంతెన ఏదీ?” అని కోడలు కిటికీలోంచి చూసింది. ఇప్పుడు లేదు. దాని స్థానంలో వేరే వంతెన వచ్చింది.

వాట్సన్ లేక్‌లో ఒక విచిత్రమైన తోట చూశాం. చెట్లకు బదులు స్తంభాలు, వాటినిండా వూళ్ళ పేర్లు. 1942లో కార్ల్ లిండ్లీ అనే సైనికుడికి దెబ్బ తగిలితే, విరిగిపోయిన దారిసూచిక బాగుచేసే తేలికపని అప్పగించారు. ఇంటిమీద బెంగతో అతను తన వూరు డాన్‌విల్ పేరు, దూరం రాసి ఒక బోర్డు అదనంగా కొట్టాడు. తర్వాత వచ్చినవాళ్ళంతా అదే పని చేశారు. ఇప్పుడు అక్కడ వేలకు వేల బోర్డులు!

“మనమూ కొడదాం నాన్నా” అన్నాడు అబ్బాయి.

“తిరుగు ప్రయాణంలో చూద్దాంలే” అంది మా ఆవిడ.

యూకాన్‌లో జూన్‌లో రాత్రి పదకొండు దాటితేగాని పొద్దు వాలదు. “సంధ్యాదీపం ఎప్పుడు పెట్టేదండీ?” అని మా ఆవిడ బాధ. క్లువానీ సరస్సు దాటాక బండి పడవలా వూగడం మొదలెట్టింది. గిన్నెలు దొర్లాయి, జాడీ మూత ఎగిరింది. ఆ నేల కింద ఎప్పటికీ కరగని మంచు వుంటుంది. పైన నాచు దుప్పటిలా కప్పి దాన్ని కాపాడుతుంది. మొదట్లో బుల్‌డోజర్లతో ఆ నాచును గీకేశారు. ఎండ తగిలి మంచు కరిగి, దారి కాస్తా వూబి అయి, యంత్రాలే కూరుకుపోయాయి. అప్పుడు బుద్ధి వచ్చింది. నాచు జోలికి పోకుండా, దానిమీద మానులు అడ్డంగా పరచి, పైన కంకర పోసుకుంటూ సాగారు. ఇప్పటికీ అక్కడ నేల కుంగుతూనే వుంటుంది, రోడ్డు బాగుచేస్తూనే వుంటారు.

దారి మంచే చేసిందని ఎలా అనగలం? అక్కడి తెగలవాళ్ళే ఆ సైన్యానికి కొండల్లో తోవలు చూపించారు. దారితోపాటు వాళ్ళ గుడిసెల్లోకి తట్టు, కోరింతదగ్గు లాంటి జబ్బులు వచ్చాయి. 1942–43లో టెస్లిన్ వూరు వరసగా అంటురోగాల పాలైంది. కొత్తగా వచ్చినవాళ్ళు వేట మితిమీరి చేశారని క్లువానీ ప్రాంతాన్ని రక్షితస్థలం చేస్తే, తరతరాలుగా అక్కడ వేటాడి బతికిన తెగలకు కూడా ఆ గడ్డమీద వేట నిషిద్ధమైంది.

1942 అక్టోబరు 25న, బీవర్ క్రీక్ దగ్గర, దక్షిణం నుంచి ఒక బుల్‌డోజరు, ఉత్తరం నుంచి ఒక బుల్‌డోజరు అడవిని చీల్చుకుంటూ వచ్చి ఎదురుబొదురుగా నిలిచాయి. ఒకదానిమీద 97వ దళం కార్పొరల్ రిఫైన్స్ సిమ్స్, నల్లవాడు. రెండోదానిమీద 18వ దళం ప్రైవేట్ ఆల్‌ఫ్రెడ్ జలుఫ్కా, తెల్లవాడు. ఇద్దరూ చేతులు కలిపిన ఫోటో లోకమంతా చూసింది. తర్వాత లోకం మరిచింది కూడా. 1993లోగాని గెర్‌స్టల్ నది వంతెనకు ఆ నల్లసైనికుల పేరు పెట్టలేదు. 2017లోగాని అక్టోబరు 25ను అలాస్కా ప్రభుత్వం వాళ్ళ స్మారకదినం చేయలేదు. ఆ వంతెన మీద మా ఆవిడ బండి ఆపించి, దిగి, అటునుంచి ఇటు నడిచింది.

“వీళ్ళకి ఎన్నాళ్ళకైనా పేరు పెట్టారు” అంది. అంతకుమించి మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణంలో వాట్సన్ లేక్ వచ్చింది. అబ్బాయి చెక్కపలక, రంగుడబ్బా సిద్ధం చేసి, “మన వూరి పేరే గదమ్మా?” అన్నాడు.

“కాదు. రంగం నుంచి నడిచివచ్చినవాళ్ళు, రానివాళ్ళు, 1942 అని రాయి. తెలుగులో రాయి.”

వాడు రాశాడు. కుంచె ఎత్తి, “అందరూ దూరం కూడా రాస్తున్నారు. తాతయ్య ఎన్ని మైళ్ళు నడిచాడమ్మా?” అన్నాడు.

“ఎవరు లెక్కపెట్టారురా? ఆయన ఎప్పుడు చెప్పినా, అన్నయ్య ఎక్కడిదాకా వచ్చాడో అదొక్కటే చెప్పేవారు.”

దూరం రాయలేదు. మేకులు నేనే కొట్టాను. రాత్రి పదింటికి ఎండ కాస్తూనే వుంది. మా ఆవిడ గడియారం చూసుకుని, ఇక చీకటికోసం చూడకుండా, బండిలో పొయ్యి పక్కన దీపం పెట్టింది.

మీలో ఎవరైనా అటు వెళితే ఆ బోర్డుల తోటలో కాసేపు ఆగి వెతకండి. కిందివరసలో వుంటుంది.