రైతు ఇంటి లెక్క

మన సంఘ సభ్యుల్లో రెవెన్యూ, వ్యవసాయ, గణాంక శాఖల్లో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. వారికి నేను కొత్తగా చెప్పవలసింది లేదు గాని, భూమి లెక్క వేరు, సేద్యపు లెక్క వేరు. మొదటిది సర్కారుకు కావలసింది, రెండోది రైతుకు కావలసింది. మొదటిదానికి శతాబ్దాల చరిత్ర ఉంది. రెండోది మన జీవితకాలంలో బలపడింది. అందులో నాకూ కొంత పాలు దక్కినందున ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

పూర్వం గ్రామ లెక్కలకు కరణమే దిక్కు. కరణాల కవిలెల ఆధారంగానే మెకంజీ దొర మనుషులు అనేక గ్రామ కైఫీయతులు సేకరించారు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా ఉన్న మన్రో పొలాలు కొలిపించి రైత్వారీ శిస్తు నిర్ణయించాడు. క్రమేణా ఆంధ్రలో అడంగలు, తెలంగాణలో పహాణీ స్థిరపడ్డాయి. 1984లో కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులు రద్దయినా ఆ లెక్కలు ఆగలేదు. సర్వే నెంబరు, విస్తీర్ణం, పైరు, నీటి వనరు అన్నీ వాటిలో ఉండేవి. ఆ పైరుకు రైతు ఎంత పెట్టాడు, చివరికి ఎంత మిగిలింది అన్నది మాత్రం ఉండేది కాదు.

ఆ లోటు తీర్చడానికి కేంద్ర ప్రభుత్వం 1954-55లో వ్యవసాయ క్షేత్ర నిర్వహణపై అధ్యయనాలు ప్రారంభించింది. మన రాష్ట్రంలో 1957-58 నుంచి పశ్చిమ గోదావరి జిల్లాలో ఇవి జరిగాయి. 1965లో వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పడింది. ధర చెప్పాలంటే ఖర్చు తెలియాలి కదా! 1970-71లో సాగు ఖర్చుల సమగ్ర పథకం వచ్చింది.

ఆ పథకంలో నేను కొంతకాలం ఫీల్డ్‌మన్‌గా ఒక డెల్టా గ్రామంలో కాపురముండి పది కమతాల లెక్కలు వ్రాశాను. చిన్న, పెద్ద కమతాలు ఐదు తరగతులు, తరగతికి రెండు. "లెక్క చూసుకుంటే సేద్యం చేయగలమా అండీ?" అని రైతులు నవ్వేవారు. డబ్బిచ్చి కొన్న ఎరువు వారికి గుర్తుండేది. ఇంటి విత్తనం, సొంత ఎడ్లు, కూలికి కొలిచి ఇచ్చిన ధాన్యం, ఇల్లాలు కలుపు తీసిన రోజులు ఖర్చుగా తోచేవి కావు. అలాగే గడ్డి రాబడిగా తోచేది కాదు. ఇవన్నీ ఏ రోజువి ఆ రోజు వ్రాసేవాణ్ణి.

ఏడాది తిరిగాక ఒక రైతు తన పుస్తకం చూడమన్నారు. వరికి, మినుముకు వేరువేరు పుటలు. వరి కోతకు ముందు అదే చేలో చల్లిన మినుమును ఆయన పైరాబడిగానే భావించేవారు. ఖర్చు తీసివేస్తే ఆ ఏడు ఎకరానికి వరికన్న మినుమే ఎక్కువ మిగిల్చింది. మరుసటి సంవత్సరం ఆయన మినుముకు అదను తప్పకుండా వరి నాట్లు ముందుగా ముగించారు. ఎవరి ఉపన్యాసమూ చేయని పని ఆ రెండు పుటలు చేశాయి.

ఈ లెక్కల విలువ ఊరితో ఆగలేదు. చేతినుంచి పెట్టిన ఖర్చు, కౌలు కలిపితే ఎ2. దానికి ఇంటివారి శ్రమ విలువ చేరిస్తే ఎ2 ప్లస్ ఎఫ్.ఎల్. సొంత భూమి కౌలు విలువ, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా చేరిస్తే సి2. మద్దతు ధర ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఉంటుందని 2018లో కేంద్రం ప్రకటించినప్పుడు, ఏ ఖర్చుకు అన్నదే వివాదమైంది. ప్రభుత్వం ఎ2 ప్లస్ ఎఫ్.ఎల్. తీసుకుంది. సి2 కావాలని రైతు సంఘాలు కోరాయి. ఇల్లాలి కలుపు కూలి పుస్తకానికి ఎక్కకపోతే ఆ వాదనకు ఆధారమే ఉండదు.

మనలో చాలామందికి సొంత ఊళ్లలో ఎకరమో రెండెకరాలో ఉన్నాయి. మనం జీవితమంతా సర్కారు లెక్కలు వ్రాసినవాళ్లం. తీరిక దొరికిన ఈ వయసులో మన పొలం చేస్తున్న కౌలుదారు పక్కన కూర్చుని, పైరుకొక పుట చొప్పున అతని లెక్క వ్రాసి పెట్టడం మనకు చేతనైన పని. ఆ పుటలో మనం తీసుకునే కౌలు కూడా అతని ఖర్చుగా కనబడుతుంది. అది మనమూ చూడవలసిన అంకెే.