అలంపురము : భూస్థితి, చరిత్ర, జనజీవనము

రాజధానుల చరిత్ర వ్రాయుట సులభము. చిన్న పట్టణముల చరిత్ర వ్రాయుట కష్టము. రాజధానికి ప్రశస్తులు, కావ్యములు, పరదేశీయుల యాత్రావర్ణనలు సాక్ష్యము పలుకును. చిన్న పట్టణమునకు మిగులునవి కొన్ని శిలాశాసనములు, కొన్ని శిథిలములు, సర్కారు దఫ్తరములలోని అంకెలు, పెద్దల నోటిమాట మాత్రమే. ఈ నాలుగు సాక్ష్యములును ఒకదాని నొకటి పూరించునే గాని ఒక్కటియు స్వయముగా సంపూర్ణము గాదు. దక్షిణ తెలంగాణములో ఈ నాలుగును సమృద్ధిగా లభించు అరుదైన పట్టణము అలంపురము. ఇంతవరకు దీనిని గూర్చి వ్రాసినవారు ఎక్కువగా ఆలయములను గూర్చి వ్రాసిరి. ఆలయముల చుట్టును నివసించిన జనులను గూర్చి విచారించుటయే మా ప్రస్తుతోద్దేశము.

ఉనికి

అలంపురము తుంగభద్రకు పశ్చిమతీరమున నున్నది. కర్నూలు దాటిన పిదప తుంగభద్ర ఉత్తరమునకు మరలి, ఈ పట్టణమును తన ఎడమవైపున నుంచుకొని ప్రవహించి, కొలది దూరముననే కూడవెల్లియొద్ద కృష్ణలో సంగమించును. ఉత్తరవాహినియగు నది పుణ్యతమమను విశ్వాసము వలనను, నదీద్వయ సంగమసామీప్యము వలనను ఈ స్థలమునకు దక్షిణకాశి యను ప్రసిద్ధి కలిగినది. శ్రీశైల క్షేత్రమునకు నాలుగు ద్వారములని సంప్రదాయము: తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, ఉత్తరమున ఉమామహేశ్వరము, పశ్చిమమున అలంపురము. అనగా ఈ పట్టణము తనకు తాను గమ్యస్థానమే గాక, మరియొక మహాక్షేత్రమునకు పోవు యాత్రికులకు మజిలీయు నైనది. దీని ప్రాచీనాభ్యుదయమునకు ఈ మార్గస్థితియే ప్రధాన కారణమని మా అభిప్రాయము.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ భూభాగమును స్థానికులు నడిగడ్డ యందురు. గద్వాల, అలంపురము ప్రాంతములు ఇందు చేరినవి. రెండు మహానదులు ఇరుప్రక్కల పారుచున్నను, గట్టు ఎత్తుగను, నీరు పల్లముగను ఉండుటచే ఈ సీమ యుగయుగములుగా మెట్టపంటల సీమగనే నిలిచినది. జొన్న, వేరుసెనగ, ప్రత్తి, మిరప ఇచటి పంటలు. నది కంటి యెదుట నుండియు చేనికి నీరు రాకుండుటయే నడిగడ్డ చరిత్రలోని మూలవైచిత్రి. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియం దుంచుకొనవలెను. ముందు చెప్పబోవు సంగతు లన్నియు దీనిచుట్టును తిరుగుచున్నవి.

పేరు

శాసనములలో ఈ పట్టణనామము ఒకే రూపమున కనబడదు. పశ్చిమ చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని కాలపు, క్రీ. శ. 1101 నాటి శాసనమున హతంపుర మను రూపము కలదు. హలంపురము, హేమలాపురము అను రూపములును వ్యవహారమున నుండినవి. స్థలపురాణకారులు ఒక్కొక్క రూపమునకు ఒక్కొక్క వ్యుత్పత్తిని కల్పించిరి. పేరునకు సంస్కృత వ్యుత్పత్తి కుదిరినంత మాత్రమున అదియే మూలరూప మని నిర్ణయింపరాదు. జనుల నోట నలిగిన దేశ్యనామమును పండితులు తరువాత సంస్కరించి యుండుటయు సంభవమే. ఈ విషయమున తుది నిర్ణయమునకు తొందరపడకుండుట మేలు.

శాసనములలోని పట్టణము

బాదామి చాళుక్యులకు పూర్వము ఇచట జనావాసము లేదని చెప్పలేము. కాని పట్టణముగా అలంపురము చరిత్రలో ప్రవేశించునది వారి కాలముననే. క్రీస్తుశకము ఏడు, ఎనిమిది శతాబ్దులలో నిర్మితమైన తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మాలయములు నవబ్రహ్మాలయము లని ప్రఖ్యాతములు. పేర్లు బ్రహ్మవైనను తొమ్మిదింటను ఉన్న దేవుడు శివుడే. తారకబ్రహ్మాలయ మొక్కటి దప్ప మిగిలినవానిపై ఔత్తరాహమైన రేఖానాగర శిఖరములు నిలిచియున్నవి. దాక్షిణాత్య రాజుల ఏలుబడిలో, కృష్ణకు దక్షిణమున, ఉత్తరదేశపు శిఖరములు ఇన్ని ఒకచోట వెలయుట శిల్పచరిత్రకారులను ఆకర్షించినది.

మాకు ప్రస్తుతము ముఖ్యమైనవి రెండు శాసనములు. స్వర్గబ్రహ్మాలయ ద్వారపాలక విగ్రహముపై నున్న శాసనము వినయాదిత్యుని (681-696) కాలమున లోకాదిత్య ఎలా అరస అనునతడు మహారాణి గౌరవార్థము ఆ ఆలయమును కట్టించెనని తెలుపుచున్నది. రెండవది విజయాదిత్యుని పదునెనిమిదవ రాజ్యవర్షమున, శాలివాహన శకము 635, అనగా క్రీ. శ. 713లో, రాజాజ్ఞచే ఈశానాచార్యస్వామి ప్రాకారబంధమును నిర్మించెనని చెప్పు ప్రశస్తి. ఇది ఔత్తరాహమైన సిద్ధమాతృకాలిపిలో నుండుట విశేషము. శిఖరమువలె లిపియు ఉత్తరమునుండి వచ్చినదే. శిల్పియో, లేఖకుడో, ఆచార్యుడో, ఎవరో దూరదేశమునుండి ఇచటికి వచ్చి స్థిరపడియుండవలెను.

ఈ రెండు శాసనములలోను ప్రభువు, రాణి, ఆచార్యుడు కలరు, జనులు లేరు. అయినను ప్రాకారమే జనులకు సాక్ష్యము. ఎఱ్ఱని ఇసుకరాతిని గనులనుండి తొలిచినవారు, బండ్లపై చేర్చినవారు, చెక్కినవారు, వారికి వండిపెట్టినవారు, ఆ తిండికి జొన్నలు పండించినవారు లేనిదే గుడులును లేవు, గోడయు లేదు. తరువాతి కల్యాణి చాళుక్యుల కాలమున కాలాముఖ శైవాచార్యులకు ఇచట స్థానము లేర్పడినవి. మఠమనగా విద్యార్థులు, తపస్వులు, యాత్రికులు; వారికి అన్నవస్త్రములు; వానికై భూదానములు. కావున శాసనములలోని భూదానపు పంక్తియే ఆనాటి జనాభా లెక్కలో మనకు మిగిలిన శకలమని భావింపవలసి యున్నది.

సరిహద్దు భూమి

బాదామి చాళుక్యుల తరువాత రాష్ట్రకూటులు, కల్యాణి చాళుక్యులు, కాకతీయులు క్రమముగా ఈ సీమను పాలించిరి. పదునాలుగవ శతాబ్ది మధ్యమునుండి కృష్ణా తుంగభద్రల అంతర్వేది బహమనీ, విజయనగర రాజ్యముల నడుమ నిరంతర వివాదాస్పదమైనది. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరును గెలుచుకొన్న యుద్ధము ఆ వివాదములోని ఒక ఘట్టమే. ఆ వివాదభూమికి తూర్పుకొసన నున్న అలంపురమునకు ఈ పోరాటముల దెబ్బ తగిలినది. అష్టాదశ శక్తిపీఠములలో ఐదవదిగా గణింపబడు జోగులాంబ ఆలయము బహమనీల కాలమున ధ్వంసమైనదనియు, దేవీవిగ్రహమును బాలబ్రహ్మేశ్వరాలయమున భద్రపరచి పూజించుచుండిరనియు సంప్రదాయము. అమ్మవారికి నూతనాలయము 2005లో సిద్ధమైనది. ఆలయప్రాంగణమునకు సమీపముననే షా అలీ పహిల్వాన్ దర్గా కలదు. ఒకే వీథిలో అమ్మవారి తిరునాళ్లకును, దర్గా ఉరుసునకును జనులు తరతరములుగా చేరుచుండుట గమనింపదగినది. యుద్ధము వలన వచ్చిన గాయమును గూర్చి వ్రాయు చరిత్రకారుడు, గాయము మానిన తరువాతి సహజీవనమును గూర్చియు వ్రాయవలెను.

అసఫ్‌జాహీల పాలనలో అలంపురము రాయచూరు జిల్లాలో ఒక తాలూకా కేంద్రముగా నుండెను. జిల్లాలో కన్నడము, తాలూకాలో తెలుగు, కచేరీలో ఉర్దూ, నది దాటినచో మద్రాసు రాజధానికి చెందిన కర్నూలు. ఒక రైతు ఒక దస్తావేజు పనికై మూడు భాషలను ఎదుర్కొనవలసిన స్థితి అది. ఆంధ్రుల సాంఘిక చరిత్రను వ్రాసి 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును తెచ్చిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ తాలూకాలోని ఇటిక్యాలపాడునకు చెందినవారగుట యాదృచ్ఛికము గాదని మేము తలంచుచున్నాము. రాజుల కథను విడిచి జనుల తిండి, బట్ట, ఆటపాటలను చరిత్రగా గుర్తించిన దృష్టి ఇట్టి సరిహద్దు భూమిలోనే తేలికగా మొలకెత్తును. 1952లో ఇచట పురావస్తు ప్రదర్శనశాల ఏర్పడినది. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు వార్షిక సభలు ఇచట జరిగినవి. కాళోజీ నారాయణరావుగారి 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించినదియు ఆ సంవత్సరమున అలంపురముననే. ఈ పట్టణవాసియగు గడియారము రామకృష్ణశర్మగారి ఆత్మకథ 'శతపత్రము' ఆనాటి స్థానిక జీవనమునకు అమూల్యమైన ఆధారము.

నీటి సమస్య

1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజనము జరిగినపుడు రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరగా, గద్వాల, అలంపురము తాలూకాలు మహబూబునగరము జిల్లాలో చేరినవి. భాషాదృష్ట్యా ఇది న్యాయమైన మార్పు. కాని నీటి దృష్ట్యా ఇందొక చిక్కు మిగిలినది. రాజోలిబండ ఆనకట్ట పథకము హైదరాబాదు రాజ్యమున రూపొందినది. ఆనాడు తలయు తోకయు ఒకే రాజ్యమున నుండెను. పునర్విభజనముతో కాలువ తల కన్నడదేశమునకు, తోక తెలుగుదేశమునకు పోయినవి. కాలువలో తొలి సుమారు 43 కిలోమీటర్లు నేటి కర్ణాటకములో నున్నవి. ఆయకట్టు మాత్రము కర్ణాటకములో 5,900 ఎకరములు కాగా, ఇటువైపు 87,500 ఎకరములు. బచావత్ న్యాయస్థానము ఈవలి ఆయకట్టునకు 15.9 టి.ఎం.సి.ల నీటిని కేటాయించినది. కేటాయింపు కాగితముపై నిలిచినంత స్థిరముగా నీరు కాలువలో నిలువలేదు. కాలువ చివరనున్న అలంపుర ప్రాంతపు పొలములకు అందినది స్వల్పము. ఈ లోటును పూరించుటకే 2018లో తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకము ఆరంభమైనది.

నీరు లేని చోట మనుష్యులు కదలుదురు. పాలమూరు కూలీలను గుంపు మేస్త్రీలు దేశమునందలి ఆనకట్టల పనులకు గొనిపోవుట ఇరువదవ శతాబ్దమంతయు సాగిన కథ. ఇతరుల పొలములకు నీరిచ్చు కట్టలను కట్టినవారి స్వగ్రామములలో బావులు ఎండియుండుట మన జనాభాచరిత్రలో మరువరాని ఘట్టము.

ముంపు

నీరు రానందువలన కలిగిన కష్టము ఇట్టిది. వచ్చినందువలన కలిగినది మరియొకటి. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైల ప్రాజెక్టు వలన కర్నూలు, మహబూబునగరము జిల్లాలలో నూరు గ్రామములకు పైగా మునిగినవి. నిరాశ్రయులైనవారు లక్షకు మించిరి. 1981లో అనేక గ్రామములను బలవంతముగా ఖాళీ చేయించిరి. అలంపురము చుట్టును రక్షణగా కట్ట నిర్మించుటచే పట్టణము నిలిచినది; సంగమస్థలమైన కూడవెల్లి నిలువలేదు.

కూడవెల్లియందలి సంగమేశ్వరాలయము చాళుక్యశిల్పమునకు ఉత్తమోదాహరణము. పురావస్తుశాఖవారు దానిని విడదీసి, రాతిరాతికిని అంకె వేసి, అలంపురమునకు చేర్చి, పూర్వరూపమున తిరిగి నిలిపిరి. పాపనాశన ఆలయములనుగూడ ఇట్లే తరలించిరి. ఇది ప్రశంసనీయమైన కార్యము. (కృష్ణా, భవనాశి మున్నగు నదుల సంగమమున కర్నూలు వైపుననుండి, ప్రతియేట నీట మునిగి వేసవిలో బయటపడు సంగమేశ్వరము వేరు. ఈ రెండింటిని ఒకటిగా భ్రమించుట పరిశోధకవిద్యార్థులలో తరచుగా కనబడు పొరపాటు.)

మేము క్షేత్రపర్యటనమునకు పోయినపుడు పునర్నిర్మితమైన సంగమేశ్వరాలయము అరుగుపై కూర్చుండిన ఒక వృద్ధుని "ఏ ఊరు తాతా?" యని అడిగితిమి. "ఈ గుడి ఊరే సారూ. గుడి ఈడికొచ్చె, ఊరు ఆడనే పాయె" యని యతడు నదివైపు చేయి చూపెను. రాళ్లను తరలించినపుడు ఏ రాయి ఏ రాతి ప్రక్కన నుండెనో వ్రాసి పెట్టుకొంటిమి. ఇండ్లను తరలించినపుడు ఏ ఇంటి ప్రక్కన ఏ ఇల్లుండెనో, ఎవరు ఏ ఊరికి పోయిరో అంత శ్రద్ధతో వ్రాసి పెట్టుకొనలేదు. గుడిని అదే పొందికతో నిలుపగలిగితిమి, ఊరిని నిలుపలేకపోతిమి. ఇది ఆలయమును కాపాడినవారి దోషము గాదు. జనులుకూడ చారిత్రకాధారములే యను సంగతిని మన మందరమును గుర్తింపకపోవుట వలన కలిగిన లోపము. 2009 అక్టోబరులో తుంగభద్రకు మహావరద వచ్చి కర్నూలును, అలంపురమును ముంచినపుడు, కట్టయు సంపూర్ణరక్షణ గాదని తేలినది.

జనస్థితి

2016లో మహబూబునగరము జిల్లానుండి వేరుపడి ఈ ప్రాంతము జోగులాంబ గద్వాల జిల్లా యైనది. అమ్మవారి పేరు జిల్లాకు వచ్చినది. కార్యస్థానము గద్వాలకు వెళ్లినది. 2011 జనగణనము ననుసరించి నేటి జిల్లా పరిధిలోని జనసంఖ్య 6,09,990. అక్షరాస్యత నూటికి ఏబది లోపుననే యుండినది. తెలంగాణములో ఇదియే కనిష్ఠము. పదమూడు శతాబ్దుల క్రిందట సిద్ధమాతృకలో ప్రశస్తి చెక్కిన సీమకు ఈ అంకె తగినది గాదు.

పట్టణముగా అలంపురము పెరుగకుండుటకు కారణములు స్పష్టములే. 44వ జాతీయరహదారి పట్టణమునకు దూరముగా చౌరస్తా మీదుగా పోవుచున్నది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చుటతో పూర్వపు అధికారకేంద్రప్రాధాన్యము తగ్గినది. పెద్ద సంత, ఆసుపత్రి, కళాశాల కావలసినవారికి కర్నూలు చేరువ. పూర్వము యాత్రామార్గము ఏ పట్టణమును పెంచెనో, నేడు మార్గము మారుటచే ఆ పట్టణమే చిన్నదై నిలిచినది.

ముగింపు

ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దొక్కటే. అలంపురము ఆలయముల శిల్పమును గూర్చి ఇక వ్రాయవలసినది కొంత కలదు. కాని తక్షణకర్తవ్యము అది గాదు. ముంపు గ్రామములలో పుట్టి పెరిగినవారు నానాటికి తగ్గిపోవుచున్నారు. వారి గ్రామముల వీథులు, బావులు, గ్రామదేవతలు, పొలముల పేర్లు, పలుకుబడి వారి జ్ఞాపకములలో మాత్రమే యున్నవి. శిల ఓపికపట్టును, జ్ఞాపకము ఓపికపట్టదు. మన శాఖలోని పరిశోధకవిద్యార్థులలో కొందరైనను ఒక్కొక్క ముంపు గ్రామమును తీసికొని, అందలి కుటుంబములు చేరిన ఊళ్లకు పోయి, వారు చెప్పునది చెప్పినట్లు వ్రాసికొనినచో, ఈశానాచార్యుని ప్రాకారశాసనమున లేని జనులు మరియొక శాసనమున నిలుతురు.