నడుము పట్టేసిందా? మంచం ఎక్కేయకండి.. కానీ ఈ లక్షణాలుంటే క్షణం కూడా ఆగొద్దు!

పొద్దున్నే వంగి నీళ్ల బిందె ఎత్తారు. లేదంటే గ్యాస్ సిలిండర్ పక్కకు జరిపారు. అంతే.. నడుము కలుక్కుమంది, నిటారుగా నిలబడటమే కష్టమైపోయింది. ఇది దాదాపు ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. దాదాపు 90 శాతం కేసుల్లో ఫలానా జబ్బు వల్లే నొప్పి వచ్చిందని చెప్పగలిగే కారణం ఉండదు. ఇలాంటి కొత్త నొప్పి చాలామందికి కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది. మిగతా కొద్దిమంది విషయంలోనే జాగ్రత్తగా ఉండాలి. అందుకే ఇంటి చిట్కాల కంటే ముందు ఇవి చూసుకోండి.

ఇవి ఉంటే వెంటనే ఆస్పత్రికి..

* మూత్రం ఆగిపోవడం, లేదా మూత్రం, మలం తెలియకుండానే పడిపోవడం
* మలద్వారం, జననాంగాల చుట్టూ, తొడల లోపలి వైపు తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం
* కాళ్లలో బలం తగ్గిపోవడం, నడుస్తుంటే పాదం ఈడ్చుకుపోవడం, కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకపోవడం
* బండి మీద నుంచి పడ్డాక, ఎత్తు నుంచి కింద పడ్డాక తీవ్రమైన నొప్పి రావడం
* నడుము నొప్పితో పాటు చలి జ్వరం

మొదటి మూడూ వెన్నుపాము కింద ఉండే నరాల గుత్తి నొక్కుకుపోయిందనడానికి సంకేతాలు కావచ్చు. చికిత్స ఆలస్యమైతే మూత్రంపై పట్టు, కాళ్ల బలం శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుపడి చాలామంది ఇక్కడే ఆలస్యం చేస్తారు. అలా చేయొద్దు. తెల్లారేదాకా కూడా ఆగొద్దు, అవసరమైతే 108కి ఫోన్ చేయండి.

కొద్ది రోజుల్లో డాక్టర్‌కు చూపించాల్సినవి..

సాయంత్రం పూట సన్నగా జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే అశ్రద్ధ చేయొద్దు. టీబీ ఊపిరితిత్తులకే కాదు, వెన్నెముకకూ వస్తుంది. దగ్గు ఉండాలనేం లేదు. త్వరగా గుర్తిస్తే మందులతో నయమవుతుంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో టీబీ మందులు ఉచితం. గతంలో క్యాన్సర్ వచ్చినవారు, చాలాకాలంగా స్టెరాయిడ్స్ వాడుతున్నవారు, చిన్నగా జారిపడ్డాక నొప్పి మొదలైన పెద్దవయసువారు కూడా చూపించుకోవాలి. నొప్పి పిరుదు నుంచి పాదం దాకా లాగుతున్నా, ఆరు వారాలైనా తగ్గకపోయినా డాక్టర్‌ను కలవాల్సిందే.

ఈ లక్షణాలేవీ లేకపోతే ఇంట్లో ఏం చేయాలి?

మంచానికే పరిమితం కావద్దు: మరీ నొప్పిగా ఉంటే ఒకటి రెండు రోజులు పని తగ్గించుకోండి. కానీ రోజుల తరబడి పడుకుంటే కండరాలు మరింత బిగుసుకుపోతాయి. ఇంట్లోనే కాసేపు నడవండి. ఒకేచోట గంటల కొద్దీ కూర్చోవద్దు. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద, పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది.

కాపడం: వేడి నీళ్ల సంచిని టవల్‌లో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టుకోండి. కొందరికి మొదటి ఒకటి రెండు రోజులు ఐస్‌తో ఉపశమనం ఉంటుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవారికి కాలినా తెలియదు, జాగ్రత్త.

మాత్రలు: మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి రోజుల తరబడి మింగొద్దు. కడుపులో పుండ్లు, కిడ్నీ, గుండె జబ్బులున్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా అసలు వేసుకోవద్దు.

తన్నించుకోవడం వద్దు: ఎదురు కాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుము పట్టు వదులుతుందని ఊళ్లలో ఇప్పటికీ నమ్ముతారు. ఎముకలు బలహీనంగా ఉన్నవారికి ఆ దెబ్బతో కొత్త సమస్య రావచ్చు. ఇక నడుముకు బెల్టు.. మూడు నెలలు దాటిన నొప్పికి దాన్ని మామూలుగా వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

వెంటనే ఎంఆర్‌ఐ అవసరమా?

పైన చెప్పిన ప్రమాద సంకేతాలు లేకపోతే సాధారణంగా అక్కర్లేదు. నొప్పి లేనివారికి స్కాన్ తీసినా చాలామందిలో డిస్క్ అరుగుదల, ఉబ్బు కనిపిస్తాయి. వయసుతో జుట్టు నెరిసినట్టే ఇదీ. రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అని ఉన్నంత మాత్రాన ఆపరేషన్ అని భయపడొద్దు.

మళ్లీ రాకుండా..

నడకను మించిన మందు లేదు. నడుము నొప్పి తగ్గినవారిపై ఆస్ట్రేలియాలో చేసిన అధ్యయనం 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. క్రమంగా పెంచుకుంటూ నడక అలవాటు చేసుకున్నవారికి నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పడితే, అలా చేయనివారికి 112 రోజులే పట్టింది. వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున నడవడం లక్ష్యంగా పెట్టుకోండి. బరువు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. ఎత్తుతూ నడుము తిప్పొద్దు.

ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. మీ నొప్పి విషయంలో అనుమానం ఉంటే డాక్టర్‌ను సంప్రదించండి.