ప్లేటు ఫిరాయించిన పాటలు

హైదరాబాద్‌లోని కంచన్‌బాగ్‌లో లోహం మాట వినపడని రోజుండదు. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్ర ధాతు నిగమ్ (మిధాని) ఏర్పడ్డాయి. రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ కూడా ఇక్కడే స్థిరపడి, చివరికి ఒక చౌరస్తాకే పేరైంది. మిధానిలో తయారయ్యే నికెల్ మిశ్రమ లోహాలు విమాన ఇంజిన్లలోకి, రాకెట్లలోకి వెళతాయని ఈ పేటలో పిల్లలు కూడా చెబుతారు. అదే నికెల్ లోకంలోని పాటలకు అచ్చుగా నిలిచిందన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు.

గ్రామఫోను ప్లేటు పుట్టుక లోహం పనే. మెత్తటి లాకర్ పూత ఉన్న పళ్లెం మీద పాటను ముందు గాడిగా చెక్కుతారు. దానికి పల్చగా వెండి పట్టించి, విద్యుత్తుతో నికెల్ పొర ఎక్కిస్తారు. ఆ పొరను ఒలిచి, దాని నుంచి మరో ప్రతి, ఆ ప్రతి నుంచి ఇంకో ప్రతి తీస్తారు. అలా చివరికి తేలిన నికెల్ రేకే అచ్చు. ప్రెస్సులో ఒక అచ్చు పైన, ఒక అచ్చు కింద బిగిస్తారు. మధ్యలో వేడి వేడి వినైల్ ముద్ద పెట్టి టన్నుల బరువుతో నొక్కుతారు. అర నిమిషం గడిచేసరికి ప్లేటు చేతికొస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ప్లేటుకు రెండు వైపులూ ఒకే క్షణంలో, ఒకే వేడిలో, ఒకే ఒత్తిడిలో పుడతాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అన్న తేడా లోహానికి తెలియదు. ‘ఎ’ అనీ ‘బి’ అనీ రాసింది కంపెనీ ఆఫీసు. డిస్కో యుగంలో ఆ రాత ఎన్నిసార్లు తప్పయిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. తప్పని తేల్చింది ప్లేటును వెనక్కి తిప్పిన చేతులే.

మాట మార్చినవాణ్ని తెలుగులో ‘ప్లేటు ఫిరాయించాడు’ అంటాం. తిప్పడమనే అర్థమున్న ఉర్దూ ‘ఫిరానా’ ఆ మాటలో కూర్చుని ఉంది. రాజకీయాల్లో అది తిట్టు. పాటల చరిత్రలో మాత్రం ప్లేటు ఫిరాయించినవాళ్లకు రుణపడి ఉండాలి.

మొదట్లో ప్లేటుకు రెండో వైపే లేదు. ఒక వైపు పాట, మరో వైపు నున్నటి ఖాళీ. జర్మనీకి చెందిన ఓడియన్ కంపెనీ 1904లో రెండు వైపులా పాటలున్న ప్లేట్లు తెచ్చింది. నిమిషానికి 78 తిరుగుళ్ల ప్లేటులో ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. నాటకాల పద్యాలనూ హరికథలనూ ఆ కొలతకు కుదించక తప్పలేదు. కరుణశ్రీ పద్యాలతో ఘంటసాల పాడిన పుష్పవిలాపం ఒక వైపున ఒదగక రెండో వైపుకు సాగింది. ఇల్లంతా కళ్లు తుడుచుకుంటుంటే ఎవరో ఒకరు లేచి ప్లేటు తిప్పి, ముల్లు మళ్లీ మొదట్లో పెట్టాలి. అక్కడ రెండో వైపు కొసరు కాదు, కథలో సగం.

పాశ్చాత్య దేశాల్లో వైపుకు ఒక్క పాట చొప్పున ఉండే సింగిల్ లెక్క వేరు. రేడియోలకు పంపి, డబ్బు పెట్టి ప్రచారం చేసే పాట ముందు వైపు. వెనక వైపు ఖాళీగా వదిలేయలేరు కాబట్టి చేతికందిన పాట. అయితే ప్లేటు అమ్ముడైతే వెనక పాట రాసినవాడికీ ముందు పాట రాసినవాడితో సమానంగా రాయల్టీ వచ్చేది. అందుకే నిర్మాతలు, పాటగాళ్లు తాము స్వయంగా రాసుకున్నవి వెనక వైపుకు తోసేవాళ్లు. కంపెనీ పెద్దల కన్ను దాని మీద ఉండదు, నచ్చినట్టు చేసుకోవచ్చు. ఆ స్వేచ్ఛలోంచే గొప్ప పాటలు పుట్టాయి.

అలాంటి నిర్మాతల్లో మనకు అందరికంటే దగ్గరివాడు బిడ్డు. కొడగు కుటుంబం, 1945లో బెంగళూరులో పుట్టాడు. ట్రోజన్స్ అనే బృందంలో పాడుతూ తిరిగి, అరవైల చివర లండన్ చేరుకున్నాడు. 1974లో జమైకాలో పుట్టిన గాయకుడు కార్ల్ డగ్లస్‌తో ఒక ప్లేటు చేసే పని పడింది. ముందు వైపు పాటను లారీ వైస్ అనే పేరున్న రచయిత రాశాడు. స్టూడియో అద్దె మూడు గంటలకే. సమయమంతా ఆ పాటకే ఖర్చయింది. వెనక వైపు ఏముందని బిడ్డు అడిగితే డగ్లస్ తను రాసుకున్న మాటలు కొన్ని చూపించాడు. వాటిలో ఒకటి కుంగ్‌ఫూ మీద. బ్రూస్ లీ ‘ఎంటర్ ది డ్రాగన్’ వచ్చి ఏడాది అయింది, ఊరంతా ఆ మోజులోనే ఉంది. బిడ్డు అప్పటికప్పుడు బాణీ కుదిర్చాడు. వెనక వైపుదే కదా అని నోటితో అరుపులు, ఊపులు కూడా కలిపారు. చివరి పది నిమిషాల్లో రెండు టేకుల్లో పాట ముగిసింది.

ప్లేటు విన్న ‘పై రికార్డ్స్’ కంపెనీ అధికారి రాబిన్ బ్లాంచ్‌ఫ్లవర్ ఇదే ముందు వైపు ఉండాలని పట్టుబట్టాడు. 1974 సెప్టెంబరులో ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. డిసెంబరులో అమెరికాలోనూ అంతే. ప్రపంచమంతా కలిపి కోటీ పది లక్షల ప్రతులు అమ్ముడయ్యాయని చెబుతారు. పది నిమిషాల పని ఒక బెంగళూరు కుర్రాణ్ని డిస్కో తొలి నిర్మాతల్లో ఒకడిగా నిలబెట్టింది.

దానికి రెండేళ్ల ముందు ఆఫ్రికాలో ఇలాంటిదే ఇంకో కథ నడిచింది. 1972లో ఆఫ్రికా దేశాల ఫుట్‌బాల్ కప్పుకు కామెరూన్ ఆతిథ్యమిచ్చింది. శాక్సఫోన్ విద్వాంసుడు మను దిబాంగోకు జట్టు గీతం చేసే పని అప్పగించారు. గీతం ముందు వైపు. వెనక తన ఇష్టప్రకారం ‘సోల్ మకోస్సా’. కామెరూన్ మూడో స్థానంతో సరిపెట్టుకుంది, గీతాన్ని జనం మరిచిపోయారు. కానీ ఆ ప్లేటు సముద్రాలు దాటి న్యూయార్క్‌లో బ్రూక్లిన్ దుకాణం ఒకదానిలో డేవిడ్ మాన్‌కూసో చేతికి చిక్కింది. అతను తన ఇంట్లోనే ‘ది లాఫ్ట్’ పేరుతో నృత్య సభలు నడిపేవాడు. అతను వెనక వైపు వేశాడు, రేడియోలో ఫ్రాంకీ క్రాకర్ అందుకున్నాడు. ప్లేట్లు దొరక్క జనం వెతుకులాడారు. చివరికి అట్లాంటిక్ కంపెనీ హక్కులు కొని విడుదల చేస్తే 1973లో అమెరికా పట్టికలో 35వ స్థానం దాకా వెళ్లింది. డిస్కో అనే పేరు జనం నోట స్థిరపడకముందే క్లబ్బులో పుట్టి రేడియోకెక్కిన పాట ఇది.

1977లో డోనా సమ్మర్ ‘ఐ ఫీల్ లవ్’ది కూడా మొదట వెనక వైపు స్థానమే. అమెరికాలో ముందు వైపు నెమ్మదైన పాట ఒకటి పెట్టారు. మ్యూనిక్‌లో జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ ఆమె గొంతు, ఒక్క డ్రమ్ము దెబ్బ తప్ప మిగిలినదంతా మూగ్ సింథసైజర్‌తోనే చేశారు. ఈ పాట ఉన్న ఆల్బంలో పాటలు చాలావరకు ఒక్కో కాలానికి గుర్తు, చివరిదైన ఇది భవిష్యత్తుకు. భవిష్యత్తును వెనక వైపు దాచారన్నమాట! కొన్ని వారాలకే కంపెనీ పాటల స్థానాలు మార్చింది. ఆ వేసవిలో బ్రిటన్‌లో నాలుగు వారాలు అదే మొదటిది. ఇవాళ కంప్యూటర్ మీద చేసే నృత్య సంగీతం మూలం వెతికితే దారి ఈ పాట దగ్గరికే చేరుతుంది.

వీటన్నిటిలో గుండెను తాకేది గ్లోరియా గేనర్ కథ. 1978లో వేదిక మీద పడి వెన్నుకు దెబ్బ తగిలింది, శస్త్రచికిత్స జరిగింది. కంపెనీ ఆమె మీద ఆశ దాదాపు వదులుకుంది. ఇంకొకరు పాడిన ‘సబ్‌స్టిట్యూట్’ను మళ్లీ పాడించి చూద్దామనుకున్నారు. నిర్మాత ఫ్రెడీ పెరెన్ ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. వెనక వైపు పాట తనదే కావాలి. పెరెన్, డీనో ఫెకారిస్ కలిసి రాసినదే ‘ఐ విల్ సర్వైవ్’. మోటౌన్ కంపెనీలో కొలువు పోగొట్టుకున్న ఫెకారిస్ తన బాధలోంచి ఆ మాటలు తీశాడు. గేనర్ నడుముకు పట్టీ బిగించుకుని నిలబడి పాడింది. ఉద్యోగం పోయినవాడు రాసి, నడుం విరిగిన మనిషి పాడిన పాట అది. అందులో నటన లేదు.

కంపెనీ ముందు వైపు పాటనే ప్రచారం చేసింది. గేనర్ ఊరుకోలేదు. ప్లేట్ల పెట్టెను స్టూడియో 54 క్లబ్బులో పాటలు వేసే రిచీ కాజర్‌కు ఇచ్చింది. మిగిలిన క్లబ్బుల డీజేలూ వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. క్లబ్బు నుంచి రేడియోకు, రేడియో నుంచి దుకాణానికి గిరాకీ పాకింది. 1979 మార్చిలో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ అదే మొదటి పాట. 1980లో ఉత్తమ డిస్కో పాటకు గ్రామీ అవార్డు ఇచ్చారు. ఆ విభాగంలో అవార్డు ఇవ్వడం అదే మొదలు, అదే చివర. కంపెనీ ముందు వైపు పెట్టిన పాట పేరు ఇప్పుడు ఈ కథ చెప్పేటప్పుడు తప్ప వినపడదు.

బోనీ ఎమ్ బృందం సంగతి ఇంకో రకం. 1978లో వాళ్ల ‘రివర్స్ ఆఫ్ బాబిలాన్’ బ్రిటన్‌లో ఐదు వారాలు మొదటి స్థానంలో ఉంది. క్రమంగా 20వ స్థానానికి దిగింది. ఇంక అయిపోయిందనుకున్న సమయంలో రేడియోలు ప్లేటు తిప్పి వెనకున్న ‘బ్రౌన్ గాళ్ ఇన్ ది రింగ్’ వేయడం మొదలెట్టాయి. కరీబియన్ పిల్లలు గుండ్రంగా నిలబడి ఆడుకునే ఆట పాట అది. ఆ పాట బలంతో అదే ప్లేటు మళ్లీ రెండో స్థానం దాకా ఎక్కింది. బ్రిటన్‌లోనే 20 లక్షలకు పైగా అమ్ముడైంది. ఇక్కడ వెనక పాట ముందు పాటను ఓడించలేదు, చెయ్యి పట్టి మళ్లీ పైకి లాగింది.

డిస్కోలోనే ఇన్ని తిరుగుబాట్లు ఎందుకు? మిగతా సంగీతంలో పాటను ముందు రేడియో ఎంచుకునేది, డిస్కోలో నేల మీద ఆడే పాదాలు ఎంచుకున్నాయి. డీజేకు కావలసింది ప్రచారం కాదు, నిలకడైన లయ, పొడుగు. టామ్ మౌల్టన్ అనే మిక్సింగ్ నిపుణుడు ఒకసారి పాట చెక్కించడానికి వెళితే ఏడంగుళాల పళ్లేలు అయిపోయాయి. ఇంజినీరు హోసే రోడ్రిగెజ్ పెద్ద పళ్లెం మీద గాడులను విశాలంగా పరిచాడు. శబ్దం బిగ్గరగా, బేస్ లోతుగా పలికింది. పన్నెండంగుళాల సింగిల్ అలా పుట్టింది. 1976లో సాల్‌సోల్ కంపెనీ వాటిని మొదటిసారి దుకాణాల్లో అమ్మింది. ‘టెన్ పర్సెంట్’ అనే ఆ పాటను వాల్టర్ గిబ్బన్స్ తొమ్మిది నిమిషాలు దాటించాడు. వెనక వైపుకూ చోటు పెరిగింది. జమైకాలో అప్పటికే వెనక వైపు మాటల్లేని ‘వెర్షన్’ వేసే అలవాటుంది. డిస్కో ప్లేట్ల మీదా వాద్య రూపాలు వచ్చాయి. గాయకుడి పేరు ముందు వైపు, డీజే మనసు వెనక వైపు.

మన దగ్గర సింగిల్స్ సంస్కృతి పెద్దగా లేదు. సినిమా ఈపీ మీద సాధారణంగా వైపుకు రెండు చొప్పున నాలుగు పాటలు. ఏది ముందు, ఏది వెనక అన్న తగువు లేదు. తెలుగు శ్రోత తీర్పు పోస్టుకార్డు మీద వెళ్లేది. వివిధభారతి జనరంజనికీ, రేడియో సిలోన్‌లో మీనాక్షీ పొన్నుదురై గొంతు వినిపించే తెలుగు కార్యక్రమానికీ ఇంటిల్లిపాది పేర్లు రాసి పంపేవాళ్లు. కంపెనీ ఏ పాట గొప్పదనుకున్నా, ఉత్తరాలు ఏ పాటకొస్తే అదే గొప్ప.

డిస్కో హైదరాబాద్‌కు వచ్చింది సినిమా మీదుగా. అందులోనూ మొదటి చెయ్యి బిడ్డుదే. 1980లో ‘కుర్బానీ’కి కళ్యాణ్‌జీ ఆనంద్‌జీ సంగీతం చేస్తే, ఒక్క ‘ఆప్ జైసా కోయీ’ మాత్రం బిడ్డు లండన్‌లో చేయించాడు. పాడిన నాజియా హసన్‌కు పదిహేనేళ్లు. 1982లో బప్పీ లాహిరి సంగీతంతో ‘డిస్కో డాన్సర్’ వచ్చింది. 1984లో అదే కథ బాలకృష్ణతో ‘డిస్కో కింగ్’ అయింది, చక్రవర్తి బాణీలు కట్టాడు. 1986లో కృష్ణ స్వయంగా దర్శకత్వం వహించిన 70 ఎంఎం ‘సింహాసనం’ కోసం బప్పీ లాహిరినే తెలుగుకు పిలిచాడు. కత్తులు, కిరీటాల కథలో డిస్కో లయ! ఆ తర్వాత ‘గ్యాంగ్ లీడర్’ దాకా ఆ లయ తెలుగు తెరను వదల్లేదు.

అప్పటికి ప్లేటు పోయి క్యాసెట్ వచ్చేసింది. ఒకే క్యాసెట్‌లో ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు ఇంకో సినిమా ఉండటం మామూలైపోయింది. పెద్ద హీరో సినిమా కోసం కొన్నవాళ్లు రెండో వైపు చిన్న సినిమా పాటలకు అలవాటు పడటం ఆ తరంలో చాలామందికి అనుభవం. ఆటో రివర్స్ వచ్చాక తిప్పే పని చేతికి తప్పింది. సీడీకి వినే వైపు ఒక్కటే. ఫోనులో అసలు వైపులే లేవు.

పాత ప్లేట్లు మాత్రం పోలేదు. జుమేరాత్ బజార్‌లో పాత సామాన్ల గుట్టల మధ్య ఇప్పటికీ కనిపిస్తాయి. కొందరు గీతలు పడ్డాయని పక్కన పెడతారు, కొందరు బొమ్మలు వేసి గోడకు తగిలించుకుంటారు. సంతోష్‌నగర్‌లోనో, కంచన్‌బాగ్ క్వార్టర్లలోనో మీ ఇంటి అటక మీద అలాంటి ప్లేట్లుంటే తూకానికి వేయకండి. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, తెలిసినవాళ్ల దగ్గర మంచి ముల్లున్న ప్లేయరు చూసుకుని వినండి. ముందు వైపు మీకు తెలిసిన పాటే ఉంటుంది. రెండో వైపు నుంచి మొదలుపెట్టండి.