తాబేలుకు పాఠం చెప్పిన పిల్లలు

సీమోర్ పాపర్ట్ 1928లో దక్షిణాఫ్రికాలో ఒక తెల్లవాళ్ల కుటుంబంలో పుట్టారు. ఆ దేశంలో ఎవరికి ఎంత చదువో ఒంటిరంగే నిర్ణయించేది. 1953లో వచ్చిన బంటూ విద్యా చట్టం నల్లజాతి పిల్లల బడులను వేరుచేసి, కూలిపనికి సరిపోయే చదువు చాలన్నది. విద్యార్థిగా ఉన్నప్పుడే పాపర్ట్ వర్ణవివక్షను ఎదిరించారు. 'వీళ్లకు ఈపాటి చదువు చాలు' అనే మాట మన గూడేలకూ కొత్త కాదు. అందుకే ఈ ప్రొఫెసర్ పని గురించి మనం తెలుసుకోవాలి.

గణితం చదివిన పాపర్ట్ 1958 నుంచి 1963 వరకు జెనీవాలో జీన్ పియాజే దగ్గర పనిచేశారు. మన టీచర్ ట్రైనింగ్ పుస్తకాల్లో ఉన్న పియాజే ఈయనే. పిల్లలు ఖాళీ కుండలు కారు, తమ జ్ఞానాన్ని తామే కట్టుకుంటారని పియాజే చెప్పారు. ఆ ఆలోచనతోనే పాపర్ట్ అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి వెళ్లి ప్రొఫెసరయ్యారు. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే చాలా ఖరీదైన పెద్ద యంత్రం. దాన్ని పిల్లల చేతికివ్వాలన్నారాయన. 1967లో వాలీ ఫ్యూర్‌జీగ్, సింథియా సాలమన్‌లతో కలిసి పిల్లల కోసం 'లోగో' అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు.

లోగోలో ఒక తాబేలు ఉంటుంది. మొదట అది నేలమీద పాకే చిన్న యంత్రం, తర్వాత తెరమీది బొమ్మ. '100 ముందుకు, 90 డిగ్రీలు కుడికి' అని నాలుగుసార్లు చెబితే చతురస్రం గీస్తుంది. సమబాహు త్రిభుజం గీయాలంటే? పుస్తకంలో కోణం 60 అని ఉంది కాబట్టి పిల్లలు 60 అంటారు. త్రిభుజం రాదు. 'నువ్వే తాబేలువై నడిచి చూడు' అన్నది పాపర్ట్ పద్ధతి. నడిస్తే, మూల దగ్గర తిరగాల్సింది 120 అని కాళ్లకే తెలుస్తుంది. అక్కడ తప్పుకు ఎర్రసిరా గీత లేదు, వెతికి సరిచేసుకోవడమే ఉంది.

పిల్లలు తాబేలుకు కొత్త మాటలు కూడా నేర్పవచ్చు. చతురస్రం గీసే ఆజ్ఞలన్నిటికీ కలిపి ఒక పేరు పెడితే, ఆ పేరు చెప్పగానే గీస్తుంది. ఆ పేరు ఇంగ్లీషుదే కానక్కర్లేదు. గోండి, కోయ, కువి మాట ఏదైనా పెట్టుకోవచ్చు.

కంప్యూటర్ పిల్లవాణ్ణి నడపకూడదు, పిల్లవాడే కంప్యూటర్‌ను నడపాలి. 1980లో వచ్చిన 'మైండ్‌స్టార్మ్స్' పుస్తకంలో పాపర్ట్ వాదన ఇదే.

అయితే యంత్రాలు పంచితే సరిపోదని కూడా చరిత్ర చూపింది. 2005లో ప్రకటించిన 'పిల్లవాడికో ల్యాప్‌టాప్' పథకానికి ఆయన ఆలోచనలే ఆధారం. పెరూ దేశంలో 319 పల్లె బడులను పరిశీలించి 2012లో నివేదిక ఇచ్చారు. ల్యాప్‌టాప్‌లు వచ్చిన బడుల్లో గణితం, భాష మార్కులు పెరిగినట్టు కనబడలేదు. పెట్టె వచ్చినంత మాత్రాన పాఠం మారదు. దాన్ని పాఠంతో ముడివేసే టీచరు కావాలి.

పాపర్ట్ 2016లో చనిపోయారు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం మన ఆశ్రమ పాఠశాలల్లో ఇంకా ఉంది. మన పిల్లలు ట్యాబ్‌లో వీడియోలు చూడటం దగ్గరే ఆగిపోతే, ఆజ్ఞలిచ్చేవాళ్లు ఎప్పుడూ వేరేవాళ్లే అవుతారు. కరెంటు లేని రోజైనా సరే, బడి ముందు ఒకరిని తాబేలుగా నిలబెట్టి, మిగతావాళ్లను తమ భాషలో ఆజ్ఞలివ్వమందాం. నేలమీద త్రిభుజం కుదిరేదాకా వాళ్లనే వెతకనిద్దాం.