బొల్లాపల్లి సీమ బడులు – ఏడవ తరగతి గడప

పల్నాటి చరిత్ర అనగానే మిత్రులకు కారంపూడి రణరంగమూ, నాయకురాలు నాగమ్మా, కోడిపందెమూ గుర్తుకు రావడం సహజం. నేను చెప్పబోయేది అంత ఘనమైన చరిత్ర కాదు. వినుకొండ దాటి బొల్లాపల్లి వైపు వెళితే కొండలూ, మెట్టచేలూ, నడుమనడుమ సుగాలీ తండాలూ కనిపిస్తాయి. అక్కడి బడుల ముచ్చట ఇది.

మన బడుల చరిత్రను ముందుగా నామఫలకాల మీదనే చదువుకోవచ్చు. జిల్లా బోర్డుల కాలం పోయి 1959లో పంచాయతీరాజ్ వచ్చాక ప్రాథమిక విద్య సమితులకూ, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకూ దక్కాయి. 1985లో మండలాలు ఏర్పడ్డాయి. "సమితి" అన్న మాట మీద సున్నం పూసి "మండల పరిషత్" అని వ్రాశారు. 2022లో గుంటూరు జిల్లా అన్నది చెరిపి పల్నాడు జిల్లా అన్నారు. లోపలి సంగతులు అంత వేగంగా మారవు కదా!

ఆ ప్రాంతపు ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో నేను తెలుగు పండితునిగా చేరినది 1987లో. ఏడవ తరగతి చివర కామన్ పరీక్ష ఉండేది. అందులో తప్పిన పిల్ల మళ్లీ బడిముఖం చూడడం అరుదు, మిరపచేను పిలిచేది. కనుక దోషం కనబడితే ఎర్రసిరాతో చుట్టడమే నా ధర్మమనుకున్నాను. తండా పిల్లల కాగితాలు మరీ ఎర్రబడేవి. వారికి తెలుగు ఇంటిభాష కాదన్న ఎరుక నాకు చాలా ఆలస్యంగా కలిగింది. ఇప్పటికీ సిగ్గుపడతాను.

ప్రార్థనలో చెప్పించే ప్రతిజ్ఞను పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో విశాఖపట్నంలో తెలుగులోనే రచించారు. దేశమంతా అనువాదంలో చెప్పుకొనే ఆ మాటలను మా పిల్లలు మూలంలోనే చెప్పేవారు. సగం మందికి ఆ మూలమే పరభాష!

వార్షికోత్సవానికి బాలచంద్రుని ఏకపాత్ర వేయించడం మా వైపు ఆనవాయితీ. ఒక ఏడు, తరగతిలో నోరు మెదపని తండా పిల్లవాడు ముందుకు వచ్చాడు. ఊరి పిల్లలు "యుద్దం", "కడ్గం" అంటుంటే వాడు ఒత్తులన్నీ స్పష్టంగా పలికాడు. లంబాడీ రాజస్థానీకి చుట్టం. మహాప్రాణాలు వారి నోట పుట్టుకతోనే ఉన్నాయి. ఉభయభాషాప్రవీణులం, మాకే కొన్నిచోట్ల జారిపోతాయి.

మరునాడు ఏడవ తరగతిలో ఒక ఆడపిల్లను అడిగాను, ఇంటిని మీరేమంటారమ్మా అని.

"ఘర్ అంటాం సార్," అన్నది మెల్లగా.

నల్లబల్ల మీద "గృహము" అని వ్రాసి, దాని ప్రక్కన "ఘర్" అని వ్రాసి, రెండూ ఒకే ఇంటివని చెప్పాను. తరగతి నవ్వలేదు. ఆ వారం నుండి గోడపత్రికలో తండా మాటలకూ ఒక వరుస ఏర్పడింది. దాని పెత్తనమంతా ఆ పిల్లదే.

కామన్ పరీక్షలో ఆమెకు తెలుగు గట్టెక్కింది, లెక్కలు తప్పాయి. జూన్‌లో బడి తెరిచాక రాలేదు. నేను తండాకు వెళితే, చేనికి పోయిందన్నారు.

2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో బంజారా సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకు వాచకాలు వెలువడ్డాయి. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. ఏడవ తరగతి పిల్లలను పరీక్ష తప్పారని ఆపే పద్ధతి దానితో తొలగిపోయింది. అప్పటికి ఆ పిల్లకు ముప్పై దాటి ఉంటాయి.