ప్రోమ్ రేవు దగ్గర ఆపేసిన జనం

1941 డిసెంబరు 23, మంగళవారం. పొద్దున్న పది దాటాక జపాను విమానాలు రంగూన్ మీదికొచ్చాయి. అలాంటివి ఆ ఊరు అంతకుముందు చూడలేదు. సైరను కూశాక కందకాల్లోకి దిగవలసిన జనం వీధుల్లోకొచ్చి తలలెత్తి చూశారు. మార్కెట్లలో, రేవు దగ్గర, పల్లకీల్లా వరసకట్టి నిలబెట్టిన రిక్షాల పక్కన వేలమంది నిలబడి ఉండగా బాంబులు పడ్డాయి. చనిపోయినవాళ్లు వెయ్యికి ఎంతో పైన అని అందరూ ఒప్పుకుంటారు, రెండు వేలు దాటారన్న లెక్కలూ ఉన్నాయి. మళ్లీ క్రిస్మస్ నాడు ఇంకో దాడి. ఈ రెండింటి మధ్యనే రంగూన్ కూలిజనం మూటలు కట్టుకుని ఉత్తరంగా ప్రోమ్ రోడ్డు పట్టారు. వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లు. బర్మావాళ్లు మనందరినీ కలిపి కోరంగీలు అనేవారు.

ఆ ప్రోమ్ రోడ్డు ప్రయాణాన్ని పుస్తకాల్లో చాలామంది 'భయంతో పారిపోవడం' అని రాశారు. నేను ఒప్పుకోను. మా కుటుంబంలో ఇద్దరు ఆ రంగం (రంగూన్‌ని మావాళ్లు అలా అనేవారు) నుంచి రెండు దారుల్లో ఇల్లు చేరారు, వాళ్లు చెప్పింది చిన్నప్పటినుంచీ విన్నాను. తరవాత పాత కాగితాలూ, చరిత్రలూ దొరికినంత చదివాను. ఆ డిసెంబరులో ఇంటికి వెళ్లడానికి సరైన ఆలోచన చేసినవాళ్లు ఆ కూలీలే. వాన లేని కాలం, శత్రువు ఇంకా దూరంగా ఉన్నాడు, దారిపొడుగునా పల్లెల్లో కొత్త ధాన్యం. నడవాలంటే అంతకంటే మంచి అదను దొరకదు. వాళ్లని వెనక్కి తిప్పారు. తరవాత జరిగిన చావుల్లో చాలా భాగం ఆ తిప్పడంలోనే ఉంది.

ఇంతమంది మనవాళ్లు అక్కడెందుకున్నారో కొంచెం చెప్పాలి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సుమారు నాలుగు లక్షలమంది ఉంటే, వాళ్లలో సగానికి పైగా భారతీయులు. బర్మా మొత్తం మీద తెలుగు మాట్లాడేవాళ్లు లక్షన్నర వరకూ ఉన్నారు. బియ్యం మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో, రేవులో సరుకు మోయడంలో, రిక్షా లాగడంలో, ఊరి పాకీపనిలో వాళ్ల చేతులే. మేస్త్రీ ఊళ్లోకొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, ఆ బాకీ తీరేదాకా మనిషి అతని చెయ్యి దాటేవాడు కాదు. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్ల డెక్కు మీద కూర్చుని పోవడం, మిల్లుల పని అయ్యాక మళ్లీ అదే డెక్కు మీద రావడం. వాళ్ల లెక్కలో ఇంటిదారి అంటే సముద్రమే. బర్మా నుంచి భారతదేశానికి మొదటినుంచి చివరదాకా పోయే రోడ్డు ఒక్కటి లేదు, రైలు లేదు. యాభై ఏళ్లు ఒకే పాలన కింద ఉన్న రెండు దేశాల మధ్య మనిషి నడిచే బాటలు తప్ప ఏమీ వెయ్యలేదు. 1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి విడదీశారు, దానితో ఆ సంగతి అడిగేవాడు కూడా లేకపోయాడు.

అయినా అక్కడి కూలీలు అన్నీ మరచి కూర్చోలేదు. 1930 మే 26న రేవులో అల్లర్లు జరిగాయి. తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ల బదులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక ఈ కొత్తవాళ్లను పనిలోంచి తీసేశారు. కోపం తెలుగువాళ్ల మీద పడింది, వందమందికి పైగా చనిపోయారు. 1938లో మళ్లీ అల్లర్లు. ఆ రెండింటి తరవాత మా తాతయ్య లాంటివాళ్లు ఇల్లు వదలవలసిన రోజు ఒకటొస్తుందని తెలుసుకుని బతికారు. తాతయ్య వెండి రూపాయలు గుడ్డసంచిలో కుట్టి నడుముకి కట్టుకునేవాడట. నోటు మీద ఆయనకు నమ్మకం లేదు. దానికి కారణం ఉంది. విడదీశాక బర్మాలో చెలామణి అయిన రిజర్వుబ్యాంకు నోట్ల మీద 'బర్మాలో మాత్రమే చెల్లుతుంది' అని అదనంగా అచ్చుగుద్దారు. హద్దు దాటాక ఎక్కడో వరసలో నిలబడి మార్చుకోవాలి, మార్చేవాడు దొరకాలి. వెండికి ఆ బెడద లేదు. ఇంకా ఒకే ఊరివాళ్లు ఒకే బారకులో ఉండేవారు, ఏం జరిగినా ఊరిపేరు పెట్టి కేకేసుకుని కలవాలని కట్టుబాటు. అటుకులు, ఉప్పు, చింతపండు ఒక డబ్బాలో ఎప్పుడూ ఉండేవి. ఏ ప్రభుత్వమూ నేర్పని ఏర్పాటు అది.

ప్రభుత్వం కూడా ఏర్పాట్లు చేసింది, చెయ్యలేదని అనను. ఎయిర్ రెయిడ్ వార్డెన్లను పెట్టింది, కందకాలు తవ్వించింది, బాంబులు పడితే కూలీలు వెళ్లి ఉండటానికి ఊరి బయట శిబిరాలు కట్టింది. వీటన్నిటి ఉద్దేశం ఒక్కటే: కూలివాడు రేవుకి దగ్గరలోనే ఉండాలి. అమెరికా నుంచి చైనాకి వెళ్లే యుద్ధసామగ్రి అంతా రంగూన్ రేవులోనే దిగి, అక్కడినుంచి రైల్లో లాషియోకి, బర్మా రోడ్డు మీద చైనాకి పోయేది. ఆ పెట్టెలు దింపే చేతులు వెళ్లిపోతే యుద్ధం ఆగిపోతుంది. గవర్నరు సర్ రెజినాల్డ్ డోర్మన్-స్మిత్ కచేరీలో ఈ భయమే మిగతావాటన్నిటినీ మింగేసింది. ఆ భయం అబద్ధం కాదు. డిసెంబరు 25 తరవాత రేవు పని నిలిచిపోయింది, చెత్త ఎత్తేవాడు లేక ఊరు కంపుకొట్టింది. కానీ కూలివాడిని ఉండమని అడిగినప్పుడు అతనికి ఏం ఇవ్వాలి? రేపు నిన్ను క్షేమంగా ఇంటికి పంపుతాం అన్న మాట ఇవ్వాలి, ఆ మాట వెనక ఓడలూ, నీళ్లూ, మందులూ ఉండాలి. అవేవీ లేవు.

ప్రోమ్ రంగూన్‌కి నూటఅరవై మైళ్ల పైచిలుకు. అక్కడ ఐరావతి దాటితే పడమటి ఒడ్డు నుంచి అరకాన్ యోమా కొండల మీదుగా తాంగుప్ కనుమ, ఆ తరవాత సముద్రతీరం. ప్రోమ్ చేరిన జనాన్ని రేవు దాటనివ్వలేదు. అధికారులు దారిలోనే ఎదురెళ్లి నచ్చజెప్పారు, ఊళ్లో పని ఉంది, రక్షణ ఉంది అన్నారు. వేలమంది వెనక్కి తిరిగి రంగూన్ వచ్చేశారు. మా తాతయ్య వాళ్లలో ఒకడు. ఆయన దాని గురించి చెప్పినప్పుడు ఎవరినీ తిట్టేవాడు కాదు. "తెల్లదొర ఎదురొచ్చి సెప్పేడు, నమ్మేం" అనేవాడు, అంతే.

జనవరిలో ఇంకొక ఉత్తర్వు. వయసొచ్చిన మగవాళ్లు డెక్కు టిక్కెట్టు మీద ఓడెక్కకూడదు. డెక్కు టిక్కెట్టు అంటే కూలివాడి టిక్కెట్టు. క్యాబిన్ కొనగలిగినవాళ్ల మాట వేరు. అలా కుటుంబాలు రేవులోనే రెండయ్యాయి. మా మామ్మ ఇద్దరు పిల్లలతో ఓడెక్కి మద్రాసులో దిగింది. ఆ రోజు సంగతి ఎప్పుడు అడిగినా ఒకే మాటనేది: "ఓడ మీద సోటుంది. మీ తాతకే సోటు నేదు." సముద్రం మీదుగా ఆ కొద్ది నెలల్లో సుమారు 70,000 మంది బయటపడ్డారని లెక్క. నడిచి వచ్చినవాళ్లు నాలుగు లక్షలకు అటూఇటూ. ఈ రెండు అంకెల మధ్య తేడా చూసినప్పుడల్లా నాకు ఆ ఉత్తర్వే గుర్తొస్తుంది.

ఫిబ్రవరి 20న రంగూన్ ఖాళీ చెయ్యమన్న సంకేతం వెలువడింది. మార్చి 8న జపానువాళ్లు ఊళ్లోకి వచ్చారు. డిసెంబరులో ఆపిన దారినే ఇప్పుడు అందరూ పట్టారు. తేడా ఏమిటంటే అప్పటికే ప్రోమ్ శిబిరాల్లో కలరా పుట్టింది.

తాంగుప్ దారి నూరు మైళ్లకు మించి ఉంటుంది. లక్షమందికి పైగా ఆ కనుమ దాటారు. ఎత్తు వాళ్లను చంపలేదు. చంపింది నీళ్లు. పొడికాలంలో కొండవాగులు ఎండి గుంటలుగా మిగులుతాయి. ఒక గుంట దగ్గర వందలమంది దిగి తాగుతారు, అక్కడే కడుక్కుంటారు. కలరా ఉన్న మనిషి ఒక్కడు అందులో చెయ్యి పెడితే చాలు. కలరా సోకిన మనిషి ఒంట్లో నీరంతా గంటల్లో పోతుంది, అతనికి ఆగకుండా నీళ్లూ ఉప్పూ పట్టాలి, ఆ దారిలో లేనిది ఆ నీళ్లే. మా తాతయ్య బారకువాళ్లు బతికారంటే ఒక ముసలాయన పట్టుదల వల్ల. పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, 'బారువ పెద్దాయన' అనే చెప్పుకుంటాం. నీళ్లు మరగనివ్వకుండా ఎవడైనా ముంత నోటి దగ్గర పెట్టుకుంటే లాగి పారబోసేవాడట. పుల్లలు ఏరడానికే సగం పొద్దు పోయేది. మిగతా గుంపులు దాటుకుని ముందుకు పోయేవి. రెండు మజిలీల తరవాత వాళ్లలో కొందరు దారిపక్కన కనిపించేవారు. ఎవరు ముందు నడవాలి, ఎవరు వెనక ఉండాలి, మోయలేని సామాను ఏది పారెయ్యాలి అన్నీ ఆయనే చెప్పేవాడు. కంచుపాత్రలు పారేశారు, ఇత్తడి బిందె ఒకటి ఉంచారు. అది మరగబెట్టడానికి.

తాంగుప్ నుంచి పడవల్లో అక్యాబ్. అక్కడినుంచి స్టీమరులో చిట్టగాంగ్. చిట్టగాంగ్‌లో రైలెక్కి చాంద్‌పూర్, మళ్లీ స్టీమరులో గోవాలుండో, మళ్లీ రైల్లో కలకత్తా సియాల్దా. కొత్త హౌరా వంతెన ఇంకా కడుతున్నారు, అందుకని హుగ్లీ మీద పాత తేలే వంతెన నడిచి దాటి హౌరా స్టేషను. బెంగాల్ నాగపూర్ రైలెక్కితే అక్కడినుంచి తెలుగుదేశం. దారిలో స్టేషన్లలో సేవాసమితులవాళ్లు అన్నం, మజ్జిగ పెట్టారు. హద్దు దాటాక మొదటిసారి తన భాషలో పిలిచి అన్నం పెట్టిన చోటు బరంపురం అని తాతయ్య అనేవాడు.

ఆయన అదృష్టవంతుడు. ఆలస్యం అయినవాళ్ల సంగతి తలుచుకుంటే చదవడం ఆపేయాలనిపిస్తుంది. తాంగుప్ దారి మూసుకుపోయాక జనం ఉత్తరంగా మాండలే చేరారు. ఏప్రిల్ 3న మాండలే బాంబులకు తగలబడిపోయింది. అక్కడినుంచి చింద్విన్ నది మీద కలేవా, తము, కొండలెక్కి పాలేల్, ఇంఫాల్. ఇంఫాల్ నుంచి దీమాపూర్ స్టేషనుకి ఇంకో 130 మైళ్ల పైన. ఈ దారిలో తెల్లవాళ్లకొక బాట, నల్లవాళ్లకొక బాట అని నడిపించారన్న ఆరోపణ మీద ఢిల్లీలో పెద్ద గొడవే జరిగింది. ప్రవాస భారతీయుల వ్యవహారాలు చూసే ఎం.ఎస్. ఆణే, హృదయనాథ్ కుంజ్రూ అస్సాం, మణిపూర్ వెళ్లి స్వయంగా చూశారు. వాళ్లు వెళ్లాకే తిండి, బళ్లు కొంత సర్దుకున్నాయి. అస్సాం తేయాకు తోటల సంఘం తోటల కూలీలను తెచ్చి బాటలు బాగుచేయించింది, మజిలీల్లో వేడి టీ, అన్నం పెట్టించింది. వేలమంది దానివల్ల బతికారు, ఆ మాట చెప్పి తీరాలి. ఆ తోటల కూలీలలో కూడా గంజాం, విశాఖ మన్యం నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారు. మే 10న ఇంఫాల్ మీద బాంబులు పడి ఊరు ఖాళీ అయింది. అంతలో వానలు దిగాయి. దక్షిణపు దారులన్నీ మూసుకుపోయి హుకాంగ్ లోయ మీదుగా లెడో వైపు నడిచినవాళ్లు మోకాటిలోతు బురదలో, జలగల్లో, మలేరియాలో పడిపోయారు. డిసెంబరులో ప్రోమ్ దాటనిస్తే ఆ లోయలో ఉండవలసినవాళ్లు కారు వాళ్లు.

మరి ఇల్లు చేరినవాళ్లకు ఇల్లయినా నిలిచి ఉందా? ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. విశాఖలో జనం బళ్లు కట్టుకుని విజయనగరం వైపు, పల్లెలవైపు వెళ్లిపోయారు. మద్రాసులో ప్రభుత్వ కచేరీలే లోపలి ఊళ్లకు తరలిపోయాయి. రంగం నుంచి వచ్చి ఒక నెలైనా కాని మా వాళ్లు మళ్లీ మూట కట్టారు. ఈసారి ఆ మూట కట్టడం ఊళ్లో అందరికీ నేర్పింది మామ్మే అని మా వీధిలో చెప్పుకునేవారు. ఏది ముందు, ఏది వదిలెయ్యాలి, పిల్లల మెడలో ఊరిపేరు రాసిన గుడ్డ ఎలా కట్టాలి.

దారిలో ఎంతమంది పోయారు? పదివేలు అన్న లెక్క ఉంది, యాభైవేలు అన్న లెక్క ఉంది, అంతకంటే ఎక్కువన్నదీ ఉంది. ఇంత తేడా ఎందుకంటే డెక్కు మీద వెళ్లిన మనిషి పేరు ఎక్కడా సరిగ్గా రాయలేదు కాబట్టి. మేస్త్రీ ఖాతాలో అప్పు పక్కన ఉన్న పేరు, ఊళ్లో ఇంటిపేరు, అవే మిగిలాయి. 1964 తరవాత బర్మాలో దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక మళ్లీ లక్షలమంది తిరిగి వచ్చారు, వాళ్లకు విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అయినా ఉంది. 1942లో నడిచివచ్చినవాళ్లకు పేరు పెట్టిన వీధి నేను చూడలేదు. సోంపేట, బారువ, కళింగపట్నం, భీమిలి వైపు పాత ఇళ్లలో 'రంగం పోయి రాలేదు' అని చెప్పే మనిషి ప్రతి వంశంలోనూ ఒకరుంటారు. ఆ పేర్లు, ఏ నెలలో బయలుదేరారు, ఏ దారిలో, ఆఖరిసారి ఎవరు చూశారు, ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టండి. నేను మా చుట్టుపక్కల ఊళ్లవి రాస్తున్నాను. ఇంకా చాలా ఊళ్లు మిగిలి ఉన్నాయి.